నాలుగు వేళ్ళ ఎత్తు

మార్చి 9, సోమవారం

పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. చెల్లి అద్దె ఇంట్లో బాత్రూం పని మొదలుపెట్టాను. పాత స్టాండు బేసిన్ పీకి బయట పెట్టాను. దాని కాలు అడ్డం ఉంటే చెల్లి చక్రాల కుర్చీ కిందికి పోదు. గోడకి వేలాడే బేసిన్ కొన్నాం. ఇద్దరు పట్టుకోవాల్సినంత బరువు.

గోడ తట్టి చూస్తే డొల్ల. ఇటుక కాదు. చెక్క చట్రానికి అటూ ఇటూ బోర్డు కొట్టారు. ఇంటాయన ఒక గదిని రెండు చేసినప్పుడు కట్టించిందట. ఊళ్ళో పంపు మోటార్లు బాగుచేసుకునేవాణ్ణి, ఇలాంటి గోడ మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. ఇది గోడా, అట్టపెట్టా అన్నాను. అట్టపెట్టెకైతే అద్దె తక్కువుండేది అన్నయ్యా అంది చెల్లి.

పోయిన చలికాలం మెట్ల మీంచి పడ్డప్పటి నుంచి దానికి నడుం కింద స్పర్శ లేదు. రెండు వీధుల అవతల కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. వచ్చే సోమవారం నుంచి మళ్ళీ రమ్మన్నారు. మేం అనుకున్నది ఏమిటంటే, పొద్దున్నే ఎవరి సాయమూ లేకుండా తయారై పనికి వెళ్ళగలిగితే ఇక్కడే ఉంటుంది. లేకపోతే నాతో మా ఇంటికి వచ్చేస్తుంది. మా ఆవిడ ముందు గది ఖాళీ చేసి మంచం వేసేసింది. గుమ్మం దగ్గర కుర్చీ ఎక్కడానికి సిమెంటు వాలు కూడా పోయించాను.

అది రావాలనే నాకుంది.

మార్చి 10

మోటారులోంచి తీసిన అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరుపుకుంటూ పోయాను. స్క్రూ ఉన్నచోట పట్టుకుంది. ఆ వరసలోనే నిలువు చెక్క. రెండు నిలువు చెక్కల మధ్య బోర్డు కోసి తీశాను. ఉత్త బోర్డు బేసిన్ని మొయ్యదు. లోపల అడ్డంగా ఒక చెక్క బిగించి, బోల్టులు దాంట్లోకి దించాలి.

చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ళ ఎత్తు, మోచేతుల ఎత్తు గోడ మీద గీసుకున్నాను. పళ్ళ కొలత కూడా తీసుకుంటావా అంది.

సాయంత్రం ఇంటాయన వచ్చాడు. కన్నం చూసి గుండె పట్టుకున్నాడు. బేసిన్ పెట్టుకోమన్నాను గానీ కిటికీ పెట్టుకోమన్నానా బాబూ అన్నాడు. గాలి బాగా వస్తోంది బాబాయిగారూ అంది చెల్లి.

మార్చి 11

మళ్ళీ వాన. అడ్డచెక్క బిగించి బోర్డు మూశాను. వేడినీళ్ళ గొట్టానికి స్పాంజి తొడుగు వేశాను. మోకాలికి తగిలితే దానికి తెలియదు. కాలినా నాకు తెలియదుగా, ఎందుకంత శ్రమ అంది. నాకు తెలుస్తుంది అన్నాను.

మార్చి 12

ఇంటాయన ఓ చెయ్యి వేశాడు, బేసిన్ ఎక్కింది. మట్టం చూసే లెవెల్‌లో బుడగ నడిమధ్య నిలిచింది. చుక్క కారలేదు.

చెల్లి కుర్చీని కిందికి తోసుకుని, మోచేతులు అంచుకి ఆనించి, వాటి ఊతతో ఒళ్ళు కాస్త పైకెత్తి మొహం కడుక్కుంది. చాలాసేపు తల ఎత్తలేదు. నేను టవల్ వెతికే పని పెట్టుకున్నాను.

మా ఆవిడ ఫోన్ చేసింది. ఎంతవరకు వచ్చింది అంది. అయిపోయింది అన్నాను. ఓహో అంది.

మార్చి 13, ఉదయం

కొత్త కుర్చీ వచ్చింది. ఇన్నాళ్ళూ వాడింది ఆస్పత్రి వాళ్ళు తాత్కాలికంగా ఇచ్చింది. కూర్చునే గుడ్డ సాగి గుంట పడిపోయింది. కొత్తదాని సీటు బిగువు. చెల్లి అందులో మహారాణిలా ఎత్తుగా కూర్చుంది. అలాగే బేసిన్ దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళు అడుగుకి కొట్టుకున్నాయి. నాలుగు వేళ్ళు తక్కువ.

కొత్త కుర్చీ వస్తుందని నాకు ముందే తెలుసు. కళ్ళ ముందున్న దాన్ని కొలిచాను.

మార్చి 13, మధ్యాహ్నం

చెల్లి కుర్చీని పక్కగా పెట్టుకుని, ఒరిగి, ఒంటి చేత్తో కడుక్కుంది. నీళ్ళన్నీ మోచేతి మీదుగా ఒళ్ళోకి పోయాయి. బాగానే ఉంది, అలవాటైపోతుందిలే అన్నయ్యా అంది. తడి బట్టలు మార్చుకోవడానికి తలుపేసుకుంది. నన్ను పిలవలేదు. ఎంతకీ బయటికి రాలేదు.

ఇలాగే ఉంటే నాలుగు రోజుల్లో విసుగెత్తి మా ఇంటికి వచ్చేస్తుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోలేదు. టీ తాగినంతసేపూ ఉంది.

ఇంటాయన ఒక ఉపాయం చెప్పాడు. గోడ మళ్ళీ కొయ్యకు, లోపల రెక్కలు విచ్చుకునే బోల్టులుంటాయి, వాటితో బోర్డుకే నాలుగు వేళ్ళు పైన బిగించెయ్ అన్నాడు. బోర్డు మీద బేసిన్ ఆగినా ఆగొచ్చు. చెల్లి ఆగదు. తన బరువంతా మోచేతుల మీద వేసి లేచే మనిషి. ఒకరోజు పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు, బేసిన్‌తో సహా ఊడి మీద పడుతుంది.

కోశాను.

మార్చి 14

ఎండ కాసింది. ఈసారి సన్నచెక్క కాదు, జానెడు వెడల్పు పలక వేశాను. బోల్టు కాస్త పైన పడ్డా, కింద పడ్డా చెక్కే తగలాలి. నీళ్ళు పోయే గొట్టానికి అతుకు పెట్టి పొడవు పెంచాను. కొత్త కుర్చీలోనే కూర్చోబెట్టి కొలిచాను. రెండుసార్లు కొలిచాను. అన్నయ్యా, నేను పెరగను, బిగించెయ్ అంది.

బిగించాక రెండు చేతులూ అంచు మీద మోపి నా బరువంతా వేశాను. కదల్లేదు. ఇంటాయన చూస్తున్నాడు. ఎక్కి కూర్చుంటావా ఏమిటి అన్నాడు.

కూర్చున్నాను.

సాయంత్రం మా ఆవిడకి ఫోన్ చేసి, ముందు గదిలో మంచం తీసెయ్ అన్నాను. తియ్యను, చుట్టపుచూపుగా వస్తే ఆడపడుచు నేల మీద పడుకుంటుందా అంది.

మార్చి 15

రేపటికి ఒకసారి సరిచూసుకుంటాను, నువ్వు లోపలికి రాకు అంది చెల్లి. బయట నించున్నాను. కుళాయి తిప్పిన చప్పుడు. ఆగింది. మళ్ళీ తిప్పింది. ఏదో కింద పడింది. దువ్వెన కాబోలు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. అది తీసుకోవడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ గుమ్మం పట్టుకునే ఉన్నాను. మళ్ళీ కుళాయి.

తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని బయటికొచ్చింది. ఒళ్ళో చుక్క తడి లేదు. ఇక్కడే నించున్నావా అంది. మొక్కలు చూస్తున్నాను అన్నాను. ఇక్కడ మొక్కలెక్కడున్నాయి అంది.

మార్చి 16

ఎండ. ఆ బేసిన్‌లో మొహం కడుక్కోవాలంటే నేను బాగా వంగాల్సి వచ్చింది. చెల్లి ఎనిమిదింటికి ల్యాబుకి వెళ్ళింది. నేను తొమ్మిదింటి బస్సుకి.