నాన్న ఇంటికొస్తున్నాడు

చెల్లీ,

మందు మాన్పించే ఆస్పత్రి నుంచి నాన్నను తీసుకురావడానికి అమ్మా నేనూ వెళ్తున్నాం. నిన్ను లేపబుద్ధి కాలేదు. అన్నం, కూర వండి పెట్టాను. మధ్య గదిలో నాన్న మంచం మీద దుప్పటి మార్చు. రంపాల పెట్టె అటక మీంచి దించి, దుమ్ము దులుపు.

ఇంకో మాట. నాన్న రాగానే దగ్గరికెళ్లి వాసన చూడకు. చిన్నప్పుడు అమ్మ "నాన్నకు ముద్దుపెట్టి రావే" అని నిన్నే పంపేది. నువ్వొచ్చి తాగాడన్నట్టు తలూపితే ముగ్గురం నిద్ర నటించేవాళ్లం. అది ఆయనకు తెలుసట. "చిన్నది ముద్దుపెట్టేది నా మీద ప్రేమతో కాదండీ" అని డాక్టరమ్మ దగ్గర ఏడ్చాడట.

తాగుడుకు ముందు నాన్న వేరు. అప్పటికి నువ్వు పాలు తాగే పిల్లవి. ఆయన చిత్రిక పడుతుంటే చెక్కపొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలేది. వాటిని నా చెవులకు తగిలించి, "ఏమే, రాణీగారొచ్చారు, కుర్చీ వెయ్యి" అని అమ్మను కేకేసేవాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ నాన్న నీకు దక్కలేదే అన్నదే నా బెంగ.

అక్క

మోటారు కట్టెయ్యడం మర్చిపోకు. నాన్న ఫోన్లో ఒక్కటే అడిగాడు, "చిన్నది ఇంట్లో ఉంటుందా?" అని. ఉండనని రాత్రి నువ్వన్న మాట చెప్పలేదు. ఉంటుందన్నాను. ఉండవే.