జూరా కొండల్లో మూడు రోజులు

మార్చి 4
మే నెలలో మా పెళ్లికి పాతికేళ్లు. జూరా కొండలు మా దిజోన్‌కి రెండు గంటల దారి కూడా కాదు, అయినా ఇద్దరం కలిసి ఎన్నడూ వెళ్లలేదు. అందరికీ సెలవైన రోజే రెస్టారెంట్ వంటగదిలో మా ఆయన గేతాన్‌కు పని ఎక్కువ. ఈసారి అతను కూర్చోవాలి, వేరేవాళ్లు వండిపెట్టాలి. ప్లాను మొదలుపెట్టాను.

మార్చి 9
మొదటి రోజు అర్బువా, పసుపు రంగు వైన్‌లో ఉడికించిన కోడి. రెండో రోజు లోయలో పాత మఠం, దాని వెనక జలపాతం. మూడో రోజు సలాన్‌లో ఉప్పు గని. గేతాన్‌కు చూపిస్తే బాగుందన్నాడు. కోడి ఎవరు వండుతారని కూడా అడగలేదు.

మార్చి 10
ఏదో ఉంది.

మార్చి 23, ఆదివారం
స్టవ్ మీద పాలు పెట్టి స్నానానికి వెళ్లాను. మాడు కంపుకు పరిగెత్తుకొచ్చాను. స్టవ్‌కు వీపు పెట్టి, గేతాన్ తాపీగా పేపర్ చదువుతున్నాడు.

అప్పుడు చెప్పాడు. జనవరిలో జ్వరం వచ్చాక వాసన తెలియడం లేదట. ఉప్పూ పులుపూ తెలుస్తాయి, అంతే. వంటగదిలో అతని కింద పనిచేసే ఇనెస్ రుచి చూసి కళ్లతో సైగ చేస్తోందట. అంటే ఆమెకు తెలుసు, నాకు తెలియదు. అది గుచ్చుకుంది. నాకెందుకు చెప్పలేదని అడిగేశాను.

"ఆ కాగితాలు ముందేసుకుని నువ్వంత ముచ్చటపడుతుంటే ఎలా చెప్పేది, క్లోతిల్డ్?"

మార్చి 24
బుకింగులన్నీ క్యాన్సిల్.

ఏప్రిల్ 2
వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చునట. డాక్టర్ అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. గేతాన్ యజమానికి నిజం చెప్పేశాడు. ఇకనుంచి ఇనెస్ అందరి ముందే రుచి చూస్తుంది.

సాయంత్రం వచ్చి ట్రిప్పు ఎందుకు మానేశావన్నాడు. నీ ఎదుట కూర్చుని లొట్టలేస్తూ తినడం నావల్ల కాదన్నాను.

"తిను. తిని నాకు చెప్పు. పాతికేళ్లు వండిపెడితే 'బాగుంది' తప్ప ఇంకో మాట అనలేదు నువ్వు. ఇప్పుడైనా సరిగ్గా చెప్పు."

నవ్వాను. తర్వాత ఏడ్చాను. మళ్లీ బుక్ చేశాను.

మే 16, అర్బువా
కోడి వచ్చింది. అక్రోటు రుచి అన్నాను. పచ్చిదా ఎండుదా అన్నాడు. ఎండుదే, చెక్క బీరువాలో దాచినట్టుంది అన్నాను. కళ్లు మూసుకుని నమిలాడు. ఇంకా చెప్పమన్నాడు. అందులోని పుట్టగొడుగులకు వాన పడిన అడవి వాసన అన్నాను. పక్క బల్లవాళ్లు తినడం మానేసి వింటున్నారు. నా జన్మలో ఇంత శ్రద్ధగా తినలేదు. నాకు మాటలైపోతే, చెప్పినవే మళ్లీ చెప్పించుకున్నాడు.

మే 18
గని దారిలో జోరువాన. చీజ్ మాగబెట్టే ఒక నేలమాళిగలో తలదాచుకున్నాం. అక్కడి పెద్దాయన బండిచక్రాల్లాంటి చీజ్‌లను చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి వింటున్నాడు. గేతాన్ ఆ సుత్తి అడిగి తీసుకున్నాడు. తట్టుకుంటూ పోయి ఒకదాని దగ్గర ఆగాడు. లోపల పగిలిందన్నాడు. పెద్దాయన తట్టి చూసి, అవునని తలూపాడు.

వాన ఎప్పుడు ఆగిందో మాకు తెలియదు.