దండ తీసేసిన ఫోటో

చిరంజీవి పూర్ణచంద్రకు బరంపురం నుంచి పెద్దమ్మ దీవెనలు.

నీ నడుంనొప్పి తగ్గిందా? కోడలికి కళ్లు తిరగడం ఆగిందా? పాపకు దగ్గు ఉంటే పెరుగు పెట్టకండి.

మీ పెదనాన్నగారు పోయినప్పుడు దండ వేసిన ఫోటో నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టావు కదా. ఎవరో మనల్ని అడక్కుండా దాన్ని తీసుకుని మోకాళ్ల నూనె ప్రకటనలో వాడుకుంటున్నారు, నాయనా. పక్కింటి అసిరమ్మ ఫోన్లో చూపించింది. దండ తీసేశారు. ఆయన పెదవులు కదుపుతూ, మన బరంపురం దగ్గరి కొడల ఊళ్లో ఉంటున్నానని, నొప్పులన్నీ పోయాయని ఒడియాలో చెబుతున్నారు. గొంతు ఆయనది కాదు. నవ్వు మాత్రం ఆయనదే.

మొన్న మీ నాన్న వచ్చి తద్దినం పెట్టాడు. కాకి గోడ మీద వాలి, పిండం చూసి, ముట్టకుండా ఎగిరిపోయింది. ఎంతసేపు పిలిచినా మరొకటి రాలేదు.

"ఏటప్పా, కొడల్లో కులాసాగా ఉన్న మడిసికి పిండమెడితే కాకెలాగ ముడతాది?" అంది అసిరమ్మ. నవ్వులాటకే అంది. నాకు మాత్రం అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు.

ఎలాగైనా ఆ ప్రకటన తీయించు. అమావాస్యకి మళ్లీ పిండం పెట్టమన్నారు పంతులుగారు. ఈలోగా నేను కొడల వెళ్లి, అక్కడ ఆయన లేరని నా కళ్లతో చూసుకోవాలి. ఒక్కదాన్నే వెళ్లలేను, భయం. ఇరవయ్యో తారీకు శనివారం పొద్దున్నే వచ్చెయ్యి.