మూత లేని సంపు

మదనపల్లె

అమ్మా, చేతన్ క్షేమంగా ఉన్నాడు, ముందు అది నమ్ము. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరక కార్డు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం చెప్పకుండా, వాణ్ని పగలు వదిలే క్రెష్‌కు వెళ్లాను. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. పెరట్లో నీళ్ల సంపుకు మూత లేదు. నా బిడ్డ దాని అంచున కూర్చుని లోపలికి తొంగి చూస్తున్నాడు!

ముందు గదిలో లైసెన్సు చూసి ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. కూతుర్ని అక్కడే చేర్చిన ఎదురింటి ఉషారాణిని, "నువ్వన్నా లోపలికి పోయి సూసినావా?" అని అడిగాను. "యాడక్కా! నువ్వు సూసే చేర్చింటావని నేనూ చేరిస్తి" అంది.

కుప్పంలో చెల్లికి చెప్పు: బిడ్డను చేర్చే ముందు తనిఖీ ఆఫీసరు ఏం రాశారో అడగాలి, పెరటిదాకా నడవాలి. వాణ్ని అక్కడ మాన్పించాను, చూసుకోవడానికి నువ్వు నెలరోజులు వచ్చి ఉండగలవా? ఆవు ఈనిందా? నాయనకు నమస్కారాలు.

"మా మనవడూ ఆడనే ఉండాడు" అని పుంగనూరులో ఇంకెవరికీ చెప్పొద్దమ్మా. ఆ మాట నమ్మి ఇంకో బిడ్డను ఆ సంపు దగ్గర వదులుతారు.

నీ హిమజ