ముందే మోగిన తాళం

ఒరేయ్ మేనల్లుడా,

నా టేపు శుభ్రం చేసి నువ్వు పంపిన సీడీ విన్నాను. ఒళ్ళు మండిపోయింది.

అందులో వాద్యబృందం వాయించిన సింఫనీకి నా దగ్గర ఇంకా తొమ్మిది రికార్డులున్నాయి. అన్నీ మహానుభావులవే, ఎందులోనూ తప్పు లేదు. (వాటికోసం స్పీకర్లు నేనే బిగించుకుని షాక్ కొట్టించుకోవడం వేరే కథ.) మీ నాన్న వాయించిన పదోదాన్ని దాచుకున్నదే అందులోని తప్పు కోసం. నలభై నిమిషాలు ఖాళీగా కూర్చుని, ఒకే ఒక్కసారి కొట్టాల్సిన కంచు తాళాలు క్షణం ముందే కొట్టేశాడు. “అందరితో కలిపి కొడితే నేనెవరికి వినపడతాను బావా?” అని కన్నుమూసేదాకా నవ్వాడు.

ఆ దెబ్బని కంప్యూటర్లో అందరితో కలిసేలా జరిపి సరిచేశావా? ఘనకార్యం!

పాత టేపు ఉంటే వెంటనే పంపు. చెరిపేసి ఉంటే, వచ్చి నా ఎదురుగా కూర్చుని ఈ పదీ విను. వాటిలో మీ నాన్న ఎక్కడున్నాడో చూపించి మరీ వెళ్ళు.

మామయ్య