మగ్గానికీ ఒక మిల్ట్రీ జాలీ

గుట్టకింది మిల్ట్రీ క్యాంపు సారు విజేందర్ గారికి దండాలు.

నేను వెంకటనర్సమ్మను. డెబ్బై ఆరేండ్లు. ఇంట్ల నేను, నా కొడుకు గండయ్య, ఒక గుంట మగ్గం. నాకు చదువు రాదు. పక్కింటి శ్రీవాణి రాస్తాంది, మాటలు నావి.

ఇన్నొద్దులు కోతులు మీ ట్యాంకుల మీద పండుకునేటియి. మొన్న మీరు వాటి మీద ఇనుప జాలీలు కట్టిన్రు. గుచ్చుతాందని కోతులన్నీ నా పెంకల మీదికొచ్చినయి. పెంకలు పలిగి వాన మగ్గం గుంటలకు దిగుతాంది. పడుగు నాని చీకితే నా నేత ఖతం. జాలీలన్న తీయుండ్రి, కోతులనన్న పిలుసుకోండ్రి.

వేలిముద్ర

తా.క.: శనారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దుంట, కోతిని కొట్ట. మిగతా దినాలు మీ దిక్కే తోలుతున్న.

*

గౌరవనీయులైన వెంకటనర్సమ్మ గారికి నమస్కారం.

ఆ జాలీలు కోతుల కోసం కాదు. ఇప్పటి యుద్ధాల్లో డ్రోన్లు పైనుంచి వచ్చి బాంబులు వదులుతున్నాయి. అవి ట్యాంకును తాకకముందే చిక్కుకోవాలని జాలీలు బిగించాం. గురువారం పరీక్ష ఉంది. తీయడం కుదరదు.

భవదీయుడు, విజేందర్

తా.క.: మీరు తోలిన కోతి మా వంటవాడి చపాతీలు ఎత్తుకుపోయింది.

*

విజేందర్ బిడ్డా, సల్లగుండు.

పైకెల్లి వస్తయి, నెత్తిన పడగొడతయి అంటివి. నా కోతులు గంతే గద! ట్యాంకుకు జాలీ ఇచ్చిన సర్కారు మగ్గానికి ఎందుకియ్యదు? ట్యాంకు పోతే ఇంకోటి వస్తది, సగం నేసిన చీర వస్తదా? రేపు పడుగు సుట్టుకొచ్చి నీ ట్యాంకు కిందనే కూసుంట.

వేలిముద్ర

తా.క.: చపాతీలు మా వాకిట్ల పడేసిపోయింది. కోతి కూడ తినలే. మీ వంటాయనకు చెప్పు.

*

అమ్మా,

దయచేసి రావద్దు. మిగిలిన జాలీ మీ ఇంటిపైన కట్టించాం. ఈ విషయం ఇంతటితో ముగిసిందని మనవి.

విజేందర్

తా.క.: వంటవాడు అలిగాడు.

*

విజేందర్ బిడ్డా,

ముగియలే. నా ఇంటికి జాలీ పడంగనే కోతులు వేరే జాగా లేక, గుచ్చినా మానె అని మీ జాలీల మీదనే పండుకున్నయి. బేస్తవారం నేను నేస్తాంటె మీ పరీక్ష డ్రోన్ ఎగురుకుంట వచ్చింది. జాలీ కింద ఉన్నదల్లా ట్యాంకే అని దానికి నేర్పిన్రంట! కోతులు కప్పుకున్న మీ ట్యాంకులు దానికి కానరాలే, నా ఇల్లు కానొచ్చింది. బాంబుకు బదులు కట్టిన ముగ్గుసంచి ఇడిసింది. సంచి జాలీల ఇరికింది. పెంక కదల్లే, పడుగు తెగలే. వాకిట్ల ఉన్న గండయ్య మాత్రం ముగ్గు రాలి నెత్తి నెరిసి లోపలికొచ్చిండు.

ఇయ్యాల నీ సిపాయి వచ్చి, జాలీ పనిచేసినట్టు రాసియ్యి, పరీక్షల నెగ్గిన జాలీ ఢిల్లీకి పంపాలె, విప్పుత అన్నడు. రాసిస్తున్న: మస్తు పనిచేసింది. గందుకే జాలీ ఇయ్య.

తా.క.: ఢిల్లీ సార్లు చూడాల్నంటె ఈడికే తోలుకరా. మగ్గం కాడ బూట్లు ఇడవాలె. ఇది సుత రాసినంకనే వేలు పెడుతున్న.

వెంకటనర్సమ్మ ఎడమచేతి వేలిముద్ర
సాక్షులు: గండయ్య, శ్రీవాణి, ఎదురింటి సైదమ్మ