పాటల కంప్యూటర్ ఇవ్వకు

ప్రేమలతా,

పాత సామానతను పదింటికి వస్తాడు. పేపర్లు, సీసాలు ఇచ్చెయ్. నా పాటల కంప్యూటర్ మాత్రం ఇవ్వకు. నిన్న సరేనన్నాను గానీ, ఇప్పుడు దానితో పని పడింది. గూట్లో చార్జింగ్‌కు పెట్టిన రెండు ఎంపీత్రీ ప్లేయర్ల వైర్లు పీకకు.

పొద్దున నువ్వు కూరగాయలకు పోయినాక వర్ధన్నపేట మొగిలమ్మక్క ఫోన్ చేసింది. నాట్లేసే ఆడవాళ్లకు ఆమే పెద్ద కదా. "బురద చేతులతోని ఫోను ముట్టవశమా తమ్మీ? మీటలున్న చిన్న పాటల డబ్బాలు అమ్మేటోనివి గద, ఇంకున్నయా?" అని అడిగింది. మన పాటల షాపు మూసినప్పుడు మిగిలినవన్నీ అటక మీది నుంచి దించాను. అవి మెడలో వేసుకుంటే చూడకుండానే మీట నొక్కొచ్చు. వాళ్లడిగిన పాటలు ఎక్కించి, సంచిలో వేసుకుని బస్సుకు పోతున్నాను.

ఫోన్లలో పాటలు ఊరికే దొరికినప్పటి నుంచి మట్టెవాడలో నన్ను పలకరించిన మనిషి లేడు. మన చైతన్య అయితే "నీ డబ్బాలు మ్యూజియంల పెట్టు బాపూ" అన్నాడు. వాడి మాట కంటే, పక్కన నువ్వు నవ్వినందుకే ఎక్కువ బాధయింది. పోనీలే. ఇవాళ నన్ను వెతుక్కుని అడిగినవాళ్లున్నారు. వీళ్లకు నచ్చితే పక్క ఊళ్లవాళ్లకు కూడా చెప్తానంది అక్క. అందుకే జర ఆ కంప్యూటర్‌ను కాపాడు.

సదానందం

సామానతను మరీ సతాయిస్తే కూలర్ ఇచ్చెయ్. అది తుప్పుపట్టి గాలి కంటే చప్పుడే ఎక్కువ చేస్తోంది. ఫికర్ చేయకు, ఎండలు ముదిరేలోపు నీకు కొత్తది నేనే తెస్తాను.